రోజూ తిరిగే కారుకి వెనక వింగ్ పనికొస్తుందా? బెజవాడ–గుంటూరు రోడ్డు మీద ఎవరికైనా తేడా తెలిసిందా?

#1 పటమట_కుర్రాడు

అందరికీ నమస్కారం. నాది ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ సెడాన్, ఒకటిన్నర లీటర్ టర్బో. కొని పద్నాలుగు నెలలైంది. డిక్కీ అంచు మీద కంపెనీ వాళ్లే ఇచ్చిన చిన్న నల్ల లిప్ ఉంది. దాని బదులు రెండు కాళ్ల మీద నిలబడే పెద్ద వింగ్ పెట్టించాలని ఎప్పటినుంచో మనసు. మొన్న ఆటోనగర్‌లో ఒక షాపుకెళ్లి అడిగాను. "హైవే ఎక్కితే బండి నేలకి అతుక్కుపోద్ది అన్నా, మలుపులో తేడా నువ్వే చెప్తావ్" అన్నాడు. పెయింటుతో కలిపి 18 వేలు. రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది. నేను తిరిగేదంతా పటమట నుంచి గన్నవరం ఆఫీసుకి, ఆదివారం గుంటూరు అత్తగారింటికి, నెలకోసారి హైదరాబాద్. రామవరప్పాడు రింగు దగ్గర 20 దాటను. కాజ టోల్ దాటాక 90, 100. ఈ వేగాల్లో వింగ్ నిజంగా ఏమైనా చేస్తుందా? వాడినవాళ్లు, లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. అందం సంగతి నాకు తెలుసు, నాకు నచ్చింది. పని సంగతి అడుగుతున్నాను.

#2 బ్రాడీపేట_రైడర్

పెట్టించెయ్ బ్రో. నా సెడాన్‌కి పోయిన ఏడాది పెట్టించాను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు 100లో వెళ్తుంటే ఇంతకుముందు వెనక భాగం తేలిపోతున్నట్టు ఉండేది, ఇప్పుడు లేదు. లారీ పక్కనుంచి దాటేటప్పుడు కూడా తొణకట్లేదు. లెక్కలు ఎన్నయినా చెప్తారు, సీట్లో కూర్చున్నవాడికి తెలుస్తుంది కదా.

#3 ఆటోనగర్_డెంటింగ్

ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. వింగులు నేనూ బిగిస్తాను, అది నా తిండి. అయినా ఉన్నమాట చెప్తాను.

డిక్కీ మూత రేకు చాలా పల్చన. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. దాని మీద నాలుగు బెజ్జాలు వేసి, సెల్ఫ్ స్క్రూలు తిప్పి, కింద పట్టీ కూడా వెయ్యకుండా వింగ్ నిలబెడతారు. చేత్తో వింగ్ పట్టుకుని కిందకి నొక్కి చూడు తమ్ముడూ. రేకు గుంట పడుతూ లేస్తుంటే, ఆ వింగ్ నిజంగా బలం పుట్టించినా అది టైరు దాకా చేరేలోపు రేకు వంచడానికే సరిపోద్ది. రేసు బండ్లకి కాళ్లు ఛాసిస్‌కి, లేదంటే లోపలి ఫ్రేముకి దిగుతాయి. మన దగ్గర ఆ పని అడిగినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

ఇంకొన్ని షాపుల్లో బెజ్జం కూడా వెయ్యరు, డబుల్ టేపుతో అతికిస్తారు. మే నెలలో మన ఎండకి డిక్కీ మూత మీద చెయ్యి ఆనదు. ఆ వేడికి టేపు జిగురు మెత్తబడి, మూల లేచి, తర్వాత గాలి దూరుతుంది. అలా హైవే మీద ఊడిపోయిన వింగులు మా షాపుకి రెండు వచ్చాయి. వెనక బైకు మీద ఎవరూ లేకపోవడం వాళ్ల అదృష్టం.

#4 రోజూ_వారధి

నేను తాడేపల్లి నుంచి రోజూ కనకదుర్గమ్మ వారధి మీదుగా విజయవాడ వచ్చి వెళ్తాను. నా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, మొదటి ఓనరు వింగ్ పెట్టించి ఉంచాడు. తీసేసేదాకా నేను పడ్డ ఇబ్బంది చెప్తాను.

మొదటిది, అద్దం. లోపలి అద్దంలోంచి వెనక్కి చూస్తే వింగ్ సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక పట్టీలా కనిపించేది. మన ఊళ్లో వెనక వచ్చేవి సగం బైకులే. బైకు హెడ్‌లైటు ఆ పట్టీ వెనక్కి వచ్చిందంటే కొన్ని క్షణాల పాటు ఆ మనిషి లేనట్టే. బందరు రోడ్డులో లేన్ మారబోయి ఒకసారి గట్టిగా బ్రేకు వేశాను. పక్కన వస్తున్న అబ్బాయి వెనక పాప కూర్చుని ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

రెండోది, డిక్కీ. వింగ్ బరువుకి స్ప్రింగు ఆగదు. మూత పైకెత్తి సామాన్లు తీస్తుంటే అదే కిందకి వచ్చేసేది. ఒక చెయ్యి మూతకి, ఒక చెయ్యి సంచికి.

మూడోది వానాకాలంలో తెలిసింది. కారులో తడిసిన గోనెసంచి వాసన. ఎక్కడినుంచో అర్థం కాలేదు. చివరికి డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీస్తే, కింద గుంతలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు. జాకీ తుప్పు పట్టింది, స్పానర్ రంగు మారిపోయింది. స్క్రూ బెజ్జాల్లోంచి చుక్క చుక్క దిగి అక్కడ చేరింది. బెజ్జాలు పూడ్పించి, మూతంతా పెయింటు వేయించడానికి నాకు వింగ్ ఖరీదు కంటే ఎక్కువైంది.

#5 నంబూరు_లెక్కలు

ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తాను. ప్రశ్న సరిగ్గా అడిగారు కాబట్టి వేళ్ల మీద లెక్క కట్టి చూపిస్తాను.

వింగ్ కిందకి నొక్కే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. వింగ్ 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. గాలి ఎక్కడా చెదరకుండా నేరుగా దాని మీదికి వస్తోందని, వింగ్ ఆకారం కూడా బాగుందని అనుకుందాం. అంటే మీ వింగ్‌కి ఎక్కువ మార్కులే వేస్తున్నాను. మన వేడి గాలి సాంద్రతతో కడితే 40లో 1.7 కేజీలు, 60లో సుమారు 4 కేజీలు, 100లో సుమారు 11 కేజీలు వస్తుంది. 25 కేజీల బియ్యం బస్తాకి సమానం కావాలంటే 150 దాటాలి. 200లో 43 కేజీలు.

మీ కారు 1,200 కేజీల పైమాటే. 100లో ఆ 11 కేజీలు మొత్తం బరువులో ఒక శాతం కూడా కాదు. టైరులో గాలి రెండు పాయింట్లు తగ్గితే వచ్చే తేడా ముందు అది కనపడదు.

ఒక్క మాట మాత్రం వింగ్ తరఫున చెప్పాలి. డిక్కీలో బస్తా వేస్తే టైరు మీద బరువు పెరుగుతుంది, కానీ మలుపులో ఆ బస్తాని కూడా తిప్పాలి. వింగ్ బలం అలా కాదు. బరువు పెంచకుండా టైరుని నొక్కుతుంది. రేసుల్లో దానికంత విలువ అందుకే. మన వేగాల్లో ఆ విలువ అందదు, అంతే.

ఇక మీది ముందు చక్రాలతో నడిచే బండి. లాగేదీ తిరిగేదీ ముందు చక్రాలే. వింగ్ వెనక ఇరుసుకి దాదాపు 90 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. మీ బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2,651 మిల్లీమీటర్లు. త్రాసులాగా ఆలోచించండి. వెనక 11 కేజీలు నొక్కితే వెనక చక్రాల మీద 14, 15 పెరిగి, ముందు చక్రాల మీద నాలుగు కేజీల దాకా తగ్గుతుంది. షాపువాడు అతుక్కుపోతుందన్న బండికి, లాగే చక్రాలు పిసరంత తేలికవుతాయి.

#6 బ్రాడీపేట_రైడర్

సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మరి ఆడి టీటీ సంగతేంటి? 1998లో వచ్చిన మొదటి టీటీకి వెనక ఏమీ లేదు, గుండ్రటి తోక. జర్మనీలో ప్రమాదాలు జరిగి మనుషులు పోయాక, కంపెనీ బండ్లని వెనక్కి పిలిచి స్పాయిలర్ పెట్టింది. రోడ్డు బండికి స్పాయిలర్ అవసరం లేకపోతే అంత పెద్ద కంపెనీ ఎందుకు పెడుతుంది? పోర్షే 911కి 964 మోడల్ నుంచి 80 దగ్గరే స్పాయిలర్ దానంతటదే లేస్తుంది. 80 అంటే మనం పెదకాకాని దగ్గర వెళ్లే వేగమే కదా.

#7 నంబూరు_లెక్కలు

మంచి ఉదాహరణలు, రెండూ నిజమే.

టీటీ ప్రమాదాలు ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద 180 దాటిన వేగాల్లో, మలుపులోనో లేన్ మారేటప్పుడో జరిగాయి. ఆ గుండ్రటి తోక మీద గాలి చివరిదాకా అంటుకుని పాకుతూ వెనక భాగాన్ని పైకి లాగింది. కంపెనీ ఇచ్చింది చిన్న పెదవి లాంటి స్పాయిలర్. దాంతోపాటు స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారబోతే దానంతటదే చక్రాలకి బ్రేకు వేసి నిలబెట్టేది) పెట్టింది, సస్పెన్షన్ కూడా మార్చింది. మూడూ కలిపి.

ఇక్కడే ఒక తేడా పట్టుకోవాలి. స్పాయిలర్ వేరు, వింగ్ వేరు. స్పాయిలర్ బాడీకి అంటుకుని ఉండి, దాని మీద పాకే గాలిని అంచు దగ్గర విరిచేస్తుంది. పైకి లాగే బలాన్ని తగ్గించడం దాని పని. వింగ్‌కి పైనా కిందా రెండు వైపులా గాలి ఆడాలి, అప్పుడే సొంతంగా కిందకి నొక్కుతుంది. పటమట తమ్ముడి కారుకి చిన్న లిప్ ముందే ఉంది. కంపెనీ విండ్ టన్నెల్‌లో (కారు మీదికి గాలి వదిలి పరీక్షించే గదిలో) చూసుకుని పెట్టుకున్న ఆకారం అది. దాన్ని పీకి ఇంకోటి పెట్టడం ముందుకెళ్లడమేనని నాకు నమ్మకం లేదు.

911 ఇంజను తోకలో ఉంటుంది. 964లో ఆ స్పాయిలర్ లేవడం వల్ల ఇంజనుకి చల్లగాలి కూడా అందుతుంది. 80లో లేచిందంటే 80లోనే కారుని కాపాడుతోందని కాదు. ఇంకా పైకి వెళ్లబోయే బండి ముందే సిద్ధమవుతోందని.

#8 పాత_ఫియట్

బాబూ, నేను రిటైరై పదకొండేళ్లయింది. రేసుల చరిత్ర చదవడం చిన్నప్పటి పిచ్చి. రెండు సంగతులు చెప్పి ఊరుకుంటాను.

కారుకి వింగ్ పెట్టినవాళ్లలో తొలివాళ్లలో ఒకడు మైకేల్ మే అనే స్విస్ ఇంజనీరు. 1956లో పోర్షే 550 మీద తలకిందులు చేసిన విమానం రెక్కలాంటిది నిలబెట్టి జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌కి తెచ్చాడు. నిర్వాహకులు దానితో పోటీకి ఒప్పుకోలేదు. పదేళ్ల తర్వాత 1966లో అమెరికాలో చాపరల్ 2ఈ అనే బండి అంతెత్తు వింగ్‌తో వచ్చింది. దాని వింగ్ కాళ్లు బాడీకి కాదు, నేరుగా వెనక చక్రాల హబ్బులకి దిగేవి. పుట్టిన బలమంతా చక్కగా చక్రానికే. ఇందాక డెంటింగ్ మేస్త్రి గారు రేకు గురించి చెప్పింది ఇదే సూత్రం.

1968లో ఫార్ములా వన్ కార్లకీ వింగులొచ్చాయి. 1969లో బార్సిలోనా మాంజూయిక్ వీధుల్లో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీలో రెండు లోటస్ కార్ల వింగులు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయాయి. గ్రాహమ్ హిల్, యోకెన్ రింట్ నడుపుతున్నారు. ఇద్దరి కార్లూ రోడ్డు పక్క ఇనుప రెయిలింగులకి కొట్టుకుని నుజ్జయ్యాయి. ప్రాణాలతో బయటపడడమే గొప్ప. వెంటనే మొనాకోలో ఎత్తు వింగుల్ని నిషేధించారు. అంతటి ఇంజనీర్లు కట్టిన కాళ్లే విరిగాయి బాబూ. నాలుగు స్క్రూల మీద నీ నమ్మకం పెట్టకు.

1970ల్లో బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్‌కి వింగ్ చేసినప్పుడు జర్మనీ రోడ్ల మీద దానికి అనుమతి లేదు. అందుకని విడిగా డిక్కీలో పెట్టి కారుతోపాటు ఇచ్చేవారు. కావాల్సినవాళ్లు రేసుకి బిగించుకునేవారు. రోడ్డు వేరు, రేసు వేరు అని అప్పటికే అనుకున్నారన్నమాట.

#9 స్విఫ్ట్_మంగళగిరి

మధ్యలో చిన్న డౌటు. నా హ్యాచ్‌బ్యాక్‌కి పైకప్పు చివర ఉన్న స్పాయిలర్ కూడా వేస్టేనా?

#10 నంబూరు_లెక్కలు

కాదండీ. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం నిటారుగా తెగిపోయినట్టు ఉంటుంది. పైకప్పు గాలి ఎక్కడ విడిపోవాలో ఆ అంచు తేల్చిచెప్తుంది. వెనక సుడి కాస్త అదుపులో ఉంటుంది, గాలి వెనక్కి లాగడం కొంత తగ్గుతుంది. కంపెనీదైతే ఉంచుకోండి. మీద ఇంకోటి అతికించకండి.

#11 రోజూ_వారధి

బ్రాడీపేట తమ్ముడూ, ఒకటి అడగనా? వింగ్ పెట్టించినప్పుడే కారుకి ఇంకేమైనా చేయించావా?

#12 బ్రాడీపేట_రైడర్

టైర్లు మార్చాను అక్కా, నాలుగూ. అలైన్‌మెంట్ కూడా అప్పుడే. పాతవి నలభై రెండు వేల కిలోమీటర్లు తిరిగాయి.

మీరు ఎందుకడిగారో అర్థమైంది. నిజమే, తేడా టైర్లదే కావచ్చు. వెనక చక్రం టో బాగా బయటికి ఉందని, అంటే చక్రం ముందు అంచు బయటికి తిరిగి ఉందని, అలైన్‌మెంట్ కుర్రాడు చెప్పింది ఇప్పుడు గుర్తొస్తోంది. కానీ ఊహతో ఒప్పుకోవడం నాకిష్టం లేదు. చూసి తెలుసుకునే దారి ఏదైనా ఉంటే నా కారు నేనిస్తాను.

#13 నంబూరు_లెక్కలు

ఉంది. చాలా పాత పద్ధతి, ఖర్చు యాభై రూపాయలు. ఊలు దారం నాలుగంగుళాల ముక్కలు చేసి, ఒక కొసని సెల్లో టేపుతో వెనక అద్దం మీద, డిక్కీ మీద, వింగ్ పైనా కిందా వరసలుగా అతికించండి. గాలి అంటుకుని పోతున్నచోట దారం తలదువ్వినట్టు వెనక్కి పడుకుంటుంది. విడిపోయి సుడి తిరిగేచోట దారం గింగిరాలు కొడుతుంది, కొన్నిచోట్ల ముందుకి కూడా తిరుగుతుంది. ఇంకో కారులోంచి ఫోన్‌తో తియ్యండి. తీసేది పక్కసీటు మనిషి. నడిపేవాడు నడపడమే. నాలుగు లేన్ల డివైడర్ రోడ్డు మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన పరిమితి 100. మీకు 80 చాలు.

#14 పటమట_కుర్రాడు

ఆదివారం పొద్దున చేశాం. ఐదున్నరకి కాజ టోల్ దాటాక కలిశాం. బ్రాడీపేట అన్న కారు, నా కారు. నా పక్కన మా బావ ఫోన్ పట్టుకుని. ఊలు మా అక్క స్వెటర్ బుట్టలోంచి తెచ్చాను, ఎర్రది.

ముందు నా కారు, వింగ్ లేకుండా. అప్పుడు నేను దిగి బావకి స్టీరింగ్ ఇచ్చి, అన్న కారులోంచి నేను తీశాను. 80లో వెనక అద్దం మీద మధ్య వరసలు చక్కగా పడుకున్నాయి. డిక్కీ మీద కూడా అంచు దాకా పడుకుని, ఆ చిన్న లిప్ దాటగానే పైకి లేచి కొట్టుకున్నాయి. అంటే లిప్ దగ్గర గాలి తెగుతోంది. ఇన్నాళ్లూ అది ఊరికే అలంకారం అనుకున్నాను.

తర్వాత అన్న కారు. వింగ్ మీద పైవైపు దారాలన్నీ నిటారుగా వెనక్కి. చూసి అన్న చాలా సంతోషపడ్డాడు. కిందవైపు తీయడానికి బావ దాదాపు కిటికీ అంచు మీద ఫోన్ ఆనించి జూమ్ చెయ్యాల్సి వచ్చింది. అక్కడ కథ వేరు. రెండు చివర్లలో బాగానే ఉన్నాయి. మధ్యలో ఉన్న ఏడెనిమిది దారాలు మాత్రం పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకటైతే ముందుకి తిరిగి వింగ్ అంచుకి చుట్టుకుంది. పెదకాకాని దగ్గర ఆపి చూస్తే ఇంకా చుట్టుకునే ఉంది.

#15 నంబూరు_లెక్కలు

వీడియో చూశాను. చాలా బాగా తీశారు, ఎవరి మాటా అక్కర్లేదు ఇక.

వింగ్‌కి బలం పుట్టేది ముఖ్యంగా కిందివైపు గాలి వేగంగా జారడం వల్ల. మధ్యలో అది జారట్లేదు, విడిపోయింది. ఎందుకంటే పైకప్పు దాటిన గాలి అద్దం వెంట కిందకి వాలుతూ వచ్చి వింగ్ మధ్య భాగానికి తగులుతుంది. వింగ్ ఉన్న కోణానికి ఆ వాలు కలిసి, మధ్యలో కోణం మరీ ఎక్కువైపోయింది. చివర్లకి కారు పక్కల గాలి వస్తుంది, దానికంత వాలు లేదు, అందుకే అక్కడ బాగుంది. కొన్ని రేసు వింగులు మధ్యలో ఒకలా, చివర్లలో ఇంకోలా మెలితిరిగి ఉండటానికి కారణం ఇదే.

బ్రాడీపేట తమ్ముడూ, వింగ్ కోణం మార్చడానికి దాని కాళ్లలో బెజ్జాలుంటాయి కదా, మీది ఎన్నో బెజ్జంలో బిగించారు?

#16 బ్రాడీపేట_రైడర్

నాలుగు బెజ్జాలుంటే అన్నిటికంటే పైదాంట్లో సార్. వెనక అంచు బాగా లేచి ఉంటే చూడ్డానికి బాగుంటుందని షాపులో అన్నారు, నేనూ సరే అన్నాను.

అంటే ఏడాదిగా నేను మోస్తున్నదాంట్లో మధ్య సగం వెనక్కి లాగుతోంది తప్ప కిందకి సరిగా నొక్కట్లేదు. హైవే మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు దాకా తగ్గిందని అనుకుంటూ పెట్రోలు బంకుని తిట్టుకున్నాను.

వింగ్ మాత్రం తీయను. ఆ కారు దూరం నుంచి కనపడితే నాకు ఇష్టం, నా డబ్బు, నా ఇష్టం. కానీ ఇకనుంచి ఎవరైనా అడిగితే నిలకడ కోసమని చెప్పను. నచ్చి పెట్టుకున్నానని చెప్తాను.

#17 ఆటోనగర్_డెంటింగ్

ఉంచుకో తమ్ముడూ, తప్పేం లేదు. మూత లోపల పట్టీ వేసి, బెజ్జాల చుట్టూ సీలెంటు, రబ్బరు వాషర్లు పెట్టించు. రేకు కొరికిన అంచులకి ప్రైమర్ వెయ్యకపోతే ఈ వానాకాలానికే తుప్పు మొదలవుద్ది. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాసిచ్చెయ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చడం గురించే. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. క్లెయిమ్ రోజున గొడవ మన కస్టమర్లకి చాలామందికి అయింది.

#18 పటమట_కుర్రాడు

నేను అడ్వాన్స్ వదిలేశాను. షాపతను వెయ్యి తిరిగిచ్చాడు, మంచివాడే. మిగతా డబ్బుతో ముందు రెండు టైర్లు మారుస్తున్నాను. అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయని ఆదివారం వంగి దారాలు అతికిస్తున్నప్పుడే చూశాను, అంతకుముందు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

రోజూ వారధి అక్కా, మీరు అద్దం గురించి చెప్పాక అన్న కారులో కూర్చుని వెనక్కి చూశాను. మా బావ స్కూటీ మీద నుంచున్నాడు. హెల్మెట్ కనపడింది, బండి కనపడలేదు.

#19 రోజూ_వారధి

అదే నేను చెప్పింది. బ్రాడీపేట తమ్ముడూ, అందం కోసం ఉంచుకున్నా, ఎత్తు మార్చి అద్దంలోంచి పక్కకి తప్పించగలవేమో చూడు. ఊళ్లో నడిపేటప్పుడు బయటి అద్దాలు రెండూ తప్పకుండా చూసుకో.

#20 బ్రాడీపేట_రైడర్

చూస్తాను అక్కా. రెండు అంగుళాలు పొట్టి కాళ్లు దొరుకుతాయట, అడుగుతున్నాను.

సార్, ఈలోగా బెజ్జం మార్చాను, అన్నిటికంటే కిందదానికి. వచ్చే ఆదివారం మళ్లీ అదే చోట, అదే 80. మధ్య దారాలు పడుకుంటాయో లేదో చూడాలనుంది. పటమట తమ్ముడూ, వస్తావా?

#21 పటమట_కుర్రాడు

ఐదింపావుకి టోల్ దగ్గర ఉంటాను. ఈసారి తెల్ల ఊలు తెస్తాను, మీ నల్ల కారు మీద ఎర్రది వీడియోలో సరిగా కనపడలేదు.